బిగ్‌ఫుట్ కోసం వారాంతపు అన్వేషణ: ఏ అడవికి, ఏ నెలలో, ఎవరితో వెళ్ళాలి

వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్, బాథెల్ ప్రాంతాల్లో ఉంటున్న మేము ఏడుగురం, ఏడాదిలో మూడు నాలుగు వారాంతాలు బిగ్‌ఫుట్ (మనిషిలా రెండు కాళ్ళ మీద నడిచే, ఒళ్ళంతా వెంట్రుకలున్న భారీ జీవి అని జనం చెప్పుకునేది) జాడలు వెతుక్కుంటూ అడవులకు వెళ్తుంటాం. ఇంతవరకు మాకది కనిపించలేదు. ఆ సంగతి మొదటే చెప్పేస్తే, ఇక్కడ చదవబోయేది ఎలాంటి సలహానో పాఠకులకు స్పష్టంగా ఉంటుంది. కొత్తగా బృందం కట్టుకోవాలనుకునేవాళ్ళు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎక్కువమంది చూశామని చెప్పిన చోటు ఏది? ఆ ప్రశ్నతో మొదలుపెట్టడం పొరపాటని నా అభిప్రాయం. చూశామన్న కథనాలు ఎక్కువగా వచ్చే రాష్ట్రాల్లో నల్ల ఎలుగుబంట్లు కూడా ఎక్కువగానే ఉంటున్నాయని 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో వచ్చిన ఒక అధ్యయనం లెక్కలతో చూపించింది. కాబట్టి కథనాల సంఖ్యను నమ్ముకుని చోటు ఎంచుకుంటే, చాలావరకు ఎలుగుబంట్లు ఎక్కువున్న చోటును ఎంచుకున్నట్లే అవుతుంది. మేము రెండు విషయాలు చూస్తాం. ఏదైనా తేడా వస్తే ఎంతసేపట్లో బయటపడగలం అన్నది ఒకటి. దొరికిన జాడను అక్కడికక్కడే ఎంతవరకు సరిచూసుకోగలం అన్నది రెండోది. ఈ రెండిటినీ పట్టుకుని మన దగ్గరున్న అడవులను పోల్చి చూద్దాం.

దగ్గరి లోయ: మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ

సియాటిల్‌కు తూర్పున ఉండేవాళ్ళకు అన్నిటికంటే చేరువైనది నార్త్ బెండ్ దాటాక వచ్చే మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ నది లోయ. ఒకప్పుడు గుంతలతో నిండి ఉన్న ఆ రోడ్డుకు తారు వేసి 2017లో తెరిచారు. అప్పటి నుంచి మామూలు కారులోనే రెడ్‌మండ్ నుంచి గంట, గంటంపావులో లోపలికి చేరుకోవచ్చు. సెల్‌ఫోన్ సిగ్నల్ మాత్రం నార్త్ బెండ్ దాటిన కొద్దిసేపటికే పోతుంది. ఇంత దగ్గరి చోట, ఇంతమంది నడిచే బాటల పక్కన ఏం దొరుకుతుందని చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. మొదటిసారి వెళ్ళే బృందానికి నేను చెప్పే చోటు మాత్రం ఇదే, ఎందుకంటే ఈ నది ఒడ్డున ఇసుక మేటలు ఉన్నాయి. ఇసుక అడుగుజాడను నిలుపుకుంటుంది. దాన్ని పట్టుకుని పది ఇరవై అడుగుల దూరం వెంబడించడానికి వీలుంటుంది. అన్వేషణలో తొలి పాఠం అక్కడే నేర్చుకోవాలి.

ఒక సెప్టెంబరు ఉదయం మాకు ఆ పాఠం ఎలా దొరికిందో చెబుతాను. నీటికి నాలుగు గజాల దూరంలో, తడి ఇసుకలో పదమూడు అంగుళాల పొడవున్న ఒక ముద్ర కనిపించింది. మడమ, ముందు భాగం, వేళ్ళు అన్నీ మనిషి పాదంలాగే ఉన్నాయి. మాలో ఒకరు అప్పటికే ఫోను తీసి ఇంటికి కబురు పెట్టబోయి, సిగ్నల్ లేక ఆగిపోయారు. కొలత టేపును ముద్ర పక్కన పరచి, నిలువుగా పైనుంచి ఒకటి, ఏటవాలు ఎండ పడేలా పక్కనుంచి ఒకటి ఫోటోలు తీశాక, మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే ముద్ర నడుమ అడ్డంగా ఒక సన్నని గట్టు కనిపించింది. ఆ గట్టు దగ్గర ఇసుక రెండుసార్లు నొక్కుకుపోయి ఉంది. వేళ్ళకు ముందు, అర అంగుళం ఎడంగా, పెన్సిలు మొనతో పొడిచినట్లు చిన్న చుక్కలున్నాయి, అవి గోళ్ళు. మనిషికి పెద్ద వేలు పాదానికి లోపలి వైపున ఉంటుంది, ఎలుగుబంటికి బయటి వైపున ఉంటుంది. ఇక్కడ అది బయటి వైపునే ఉంది. ముద్రల వరుస వెంట నడిస్తే ఏడో చోట, జంతువు కొంచెం నెమ్మదించినప్పుడు కాబోలు, ముందు కాలు, వెనుక కాలు విడివిడిగా పడి ఉన్నాయి. ఎలుగుబంటి నడిచేటప్పుడు వెనుక పాదం తరచూ ముందు పాదం ముద్ర మీద కొంత ఎక్కి పడుతుంది, అప్పుడు రెండు కలిసి ఒకే పొడవాటి పాదంలా కనిపిస్తాయి. ఈ సంగతి పుస్తకంలో చదవడం వేరు, ఏడో ముద్ర దగ్గర నిలబడి తెలుసుకోవడం వేరు. 2019 ఏప్రిల్‌లో భారత సైన్యం నేపాల్‌లోని మకాలు బేస్ క్యాంప్ దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు గల యేతి అడుగులంటూ ఫోటోలు పెట్టినప్పుడు మన ఊళ్ళలో కూడా ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవి ఎలుగుబంటి అడుగులై ఉంటాయని నేపాల్ వైపు నుంచి వివరణ వచ్చింది. మంచులో పడిన ముద్ర కరిగేకొద్దీ పెద్దదవుతుంది కనుక ఇసుకకంటే మంచు ఎప్పుడూ తక్కువ నమ్మదగిన సాక్షి.

ఈ లోయకున్న లోపం కూడా చెప్పాలి. వేసవి శనివారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి రాత్రి వినిపించే చప్పుళ్ళలో సగం మనుషులవే. దగ్గరిది కదా అని పిల్లలను ముందుకు పరిగెత్తనివ్వడం కూడా మంచిది కాదు: 2018 మే నెలలో నార్త్ బెండ్ సమీపంలోని అడవిలో ఒక కౌగర్ (కొండ సింహం) సైకిలు మీద వెళ్తున్న వ్యక్తిని చంపింది.

పేరున్న అడవి: గిఫర్డ్ పిన్‌షో

బిగ్‌ఫుట్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు వాషింగ్టన్ దక్షిణ భాగంలోని గిఫర్డ్ పిన్‌షో జాతీయ అటవీ ప్రాంతాన్ని మించినది లేదు. పదమూడు లక్షల ఎకరాలకు పైగా ఉన్న ఈ అడవిలో ఎక్కువ భాగం స్కమేనియా కౌంటీలోకి వస్తుంది. ఆ కౌంటీ 1969 ఏప్రిల్ 1న, ఇలాంటి జీవిని చంపడం నేరమని ఒక ఉత్తర్వు చేసింది. తేదీ చూసి నవ్వుకోవచ్చు గాని, పది వేల డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ళ వరకు జైలుశిక్ష అని రాసుకున్న ఉత్తర్వు అది. 1984లో దాన్ని సవరించి శిక్షను తగ్గించారు. బిగ్‌ఫుట్ ఉన్నా లేకపోయినా, దాన్ని కాల్చాలని తుపాకులతో తిరిగేవాళ్ళ చేతుల్లో మనుషులు చావకుండా చూడడానికి ఇది పనికొచ్చిందని నాకనిపిస్తుంది.

ఏప్ కాన్యన్ ఇక్కడే, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పక్కనే ఉంది. 1924 జూలైలో ఫ్రెడ్ బెక్ అనే గని కార్మికుడు, అతని సహచరులు తమ గుడిసె మీద రాత్రంతా కోతి మనుషులు రాళ్ళు రువ్వాయని చెప్పారు. స్పిరిట్ లేక్ దగ్గరి వేసవి శిబిరానికి వచ్చిన కుర్రవాళ్ళు లోయ అంచు నుంచి రాళ్ళు దొర్లించి ఉంటారన్న వివరణ ఒకటుంది. ఏది నమ్మినా, పైనుంచి రాళ్ళు దొర్లితే ఆ లోయలో ఎలా వినిపిస్తుందో చోటు చూస్తేనే అర్థమవుతుంది. ఆ ప్రాంతానికే వెళ్ళాలనుకుంటే ఏప్ కాన్యన్ బాట ఒకవైపుకే ఐదున్నర మైళ్ళని గుర్తుంచుకోవాలి. ఇంటి పెద్దలతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు దాని బదులు ఏప్ కేవ్ చూడవచ్చు. లావా ప్రవహించి వదిలిపెట్టిన పొడవైన సొరంగం అది. మండుటెండల్లో కూడా లోపల 42 డిగ్రీల ఫారన్‌హీట్ చలి ఉంటుంది కనుక స్వెటర్లు, ఒక్కొక్కరికి రెండేసి టార్చిలైట్లు తప్పనిసరి. వేసవిలో ముందుగా సమయం రిజర్వు చేసుకోవాలి. అయితే ఆ పేరుకు, బిగ్‌ఫుట్‌కు నేరుగా సంబంధం లేదు. గుహను మొదట్లో పరిశోధించిన స్కౌట్ బృందాన్ని పోషించిన మౌంట్ సెయింట్ హెలెన్స్ ఏప్స్ అనే సంఘం పేరే దానికి వచ్చింది.

ఇక్కడి నేల మిడిల్ ఫోర్క్ ఇసుక లాంటిది కాదు. అగ్నిపర్వతం పరిసరాల్లో బూడిద, తేలికైన ప్యూమిస్ రాళ్ళు పరుచుకుని ఉంటాయి. అడుగు పడిన గంటలోనే ముద్ర అంచులు జారిపోతాయి. లోపలి పచ్చిక మైదానాల్లో బురద ఉంటుంది, దానిలో ముద్రలు బాగానే పడతాయి, కానీ ఆ మైదానాలు ఎల్క్ అనే పెద్ద జింకలకు నిలయాలు. 2000 సెప్టెంబరులో స్కూకుమ్ మెడోస్‌లో బిగ్‌ఫుట్ పడుకున్న చోటంటూ ఒక బృందం పెద్ద ప్లాస్టర్ అచ్చు తీసింది. అది ఎల్క్ పడుకున్న చోటేనని చూసిన వారిలో పలువురు తేల్చారు. కాబట్టి ఈ అడవికి వెళ్ళేవాళ్ళు ఎలుగుబంటి పాదంతో పాటు, ఎల్క్ ఎలా పడుకుంటుందో, మోకాళ్ళు ఎక్కడ ఊనుతుందో కూడా ముందుగా బొమ్మలు చూసుకుని వెళ్ళాలి.

దూరం విషయంలో సియాటిల్ వాళ్ళకు ఇది మూడు గంటల పైన ప్రయాణం. పోర్ట్‌లాండ్ దగ్గరి హిల్స్‌బరో, బీవర్టన్ ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళకు మాత్రం ఇదే స్థానిక అడవి. పోర్ట్‌లాండ్ నుంచి స్టీవెన్‌సన్ పట్టణానికి గంట ప్రయాణం. మొదటిసారి రాత్రి బస చేసేవాళ్ళు కార్సన్ దగ్గరి పాంథర్ క్రీక్ లాంటి, కారు పక్కనే టెంటు వేసుకునే క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి. వీపున సంచులతో అడవి లోపలికి నడిచి వెళ్ళడం రెండో ఏడాది మాట.

ఈ అడవి గురించి మాట్లాడేటప్పుడు 2024 డిసెంబరు సంగతి దాటవేయడం న్యాయం కాదు. పోర్ట్‌లాండ్‌కు చెందిన ఇద్దరు, బిగ్‌ఫుట్ కోసం క్రిస్మస్ ముందు రోజుల్లో ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్ళలేదు. అరవై మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు గడ్డకట్టే చలిలో, మంచులో, పొంగుతున్న వాగుల మధ్య మూడు రోజులు వెతికాక వాళ్ళ మృతదేహాలు దొరికాయి. చలికి తగిన దుస్తులు, సామగ్రి లేకపోవడమే కారణమని షెరీఫ్ కార్యాలయం తెలిపింది. చరిత్ర ఎంత ఆకర్షించినా, శీతాకాలంలో ఈ అడవిని నేను ఎవరికీ సూచించను.

ఒలింపిక్ వానల అడవి, బ్లఫ్ క్రీక్

ఒలింపిక్ జాతీయ ఉద్యానంలోని హో, క్వినాల్ట్ అడవులు చూడడానికి ఎంతో గొప్పవి, వెతకడానికి అంత పనికిరావు. హో లోయలో ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన పడుతుంది. మన కోస్తాలో ఒక మంచి ఏడాది పడేదానికి ఇది మూడు రెట్లు. నేలంతా నాచు, ఫెర్న్ మొక్కలు, పడిపోయిన మానులు. నాచు మీద పాదం ఊనితే దిండు మీద చెయ్యి ఊనినట్లు మళ్ళీ లేస్తుంది; ముద్ర నిలవదు. ఇరవై గజాలకు మించి చూపు ఆనదు. నది హోరు వల్ల రికార్డర్‌లో పట్టేది కూడా తక్కువే. అక్కడ రూజ్‌వెల్ట్ ఎల్క్‌లు మాత్రం తప్పకుండా కనిపిస్తాయి. ఇది జాతీయ ఉద్యానం కాబట్టి నిబంధనలు కూడా గట్టిగా ఉంటాయి: రాయి, ఆకు, వెంట్రుక ఏదీ తీసుకురాకూడదు, ట్రైల్ కెమెరాను (కదలికను పట్టి తనంతట తానే ఫోటో తీసేది) కట్టి వదిలేసి వచ్చే వారం తెచ్చుకుందామంటే కుదరదు. ప్రవేశానికి కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. కుటుంబంతో చూసి రావడానికి వెళ్ళండి, అన్వేషణ పేరు పెట్టకండి.

బ్లఫ్ క్రీక్ సంగతి వేరు. బిగ్‌ఫుట్ అన్న మాటకు పుట్టినిల్లు ఉత్తర కాలిఫోర్నియాలోని ఈ వాగు. 1958లో రోడ్డు పనుల్లో బుల్‌డోజరు నడిపే జెర్రీ క్రూ పెద్ద అడుగుజాడల అచ్చుతో పట్టణానికి రాగా, హంబోల్ట్ టైమ్స్ పత్రిక ఆ పేరును లోకానికి తెలిపింది. ఆ జాడలు చెక్కతో చెక్కిన పాదాలతో తమ తండ్రి చేసిన చిలిపి పనేనని, ఆ రోడ్డు గుత్తేదారు రే వాలెస్ 2002లో మరణించాక ఆయన పిల్లలు చెప్పారు. 1967 అక్టోబరు 20న రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ బిగ్‌ఫుట్ నడుస్తోందంటూ తీసిన ప్రఖ్యాతమైన చలనచిత్రం తునక కూడా ఇదే వాగు ఒడ్డుది. వెళ్ళవలసినవాళ్ళు బే ఏరియా వాళ్ళు. వాళ్ళకు విల్లో క్రీక్ దాకా ఐదారు గంటలు పడుతుంది, మూడు రోజుల సెలవు ఉంటే సాధ్యమే. సియాటిల్ నుంచి మాత్రం వారాంతపు పని కాదు. విల్లో క్రీక్‌లోని చిన్న మ్యూజియం చూసి, పగలు వాగు దాకా వెళ్ళి, చీకటి పడకముందే తిరిగి రావాలి. ఆ కొండల్లో దొంగతనంగా గంజాయి పండించే చోట్లున్నాయి. నల్లటి పైపులు, ప్లాస్టిక్ పట్టాలు కనిపిస్తే వెనక్కి తిరగడమే క్షేమం.

సియాటిల్ వైపు నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళకు దారికి దగ్గర్లో, దక్షిణ ఒరెగాన్‌లోని ఆపిల్‌గేట్ చెరువు దగ్గర, 1974లో బిగ్‌ఫుట్‌ను పట్టడానికి కట్టిన చెక్క, ఇనుముల బోను ఇప్పటికీ ఉంది. అందులో పడ్డవి ఎలుగుబంట్లే. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు, నడక కూడా మైలు లోపే. ఒహాయోలో ఉన్నవాళ్ళకు సాల్ట్ ఫోర్క్ స్టేట్ పార్కు, అట్లాంటా వాళ్ళకు చెర్రీ లాగ్ ఊళ్ళోని బిగ్‌ఫుట్ మ్యూజియం, దాని చుట్టుపక్కల కొండలు దగ్గరి చోట్లు.

ఏ నెల

నా లెక్క సూటిగా చెబుతాను: ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు. అప్పటికి ఎత్తయిన రోడ్ల మీద మంచు కరిగిపోయి ఉంటుంది, దోమలు తగ్గుతాయి, రాత్రులు వినడానికి తగినంత పొడవుగా ఉంటాయి. జూన్‌లో తొమ్మిది దాటినా చీకటి పడదు కాబట్టి రాత్రి వినికిడికి వచ్చినవాళ్ళు నిద్ర చెడగొట్టుకోవడమే మిగులుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. జూలై, ఆగస్టు నెలల్లో మంటల మీద నిషేధం ఉండవచ్చు, అందుకని వంట గ్యాస్ స్టవ్ మీదే ఉండేలా చూసుకోవాలి. అక్టోబరు మధ్య నుంచి ఆధునిక తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. అప్పుడు వెళ్ళక తప్పకపోతే అందరూ మెరిసే నారింజ రంగు చొక్కాలు వేసుకోవాలి. ముదురు గోధుమ రంగు కోటు వేసుకుని పొదల్లో వంగి నడవడం ఆ నెలలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని. వేషాలు వేయడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2012లో మోంటానాలో ఒకతను బిగ్‌ఫుట్ కనిపించిందని జనం అనుకోవాలని ఆకుల వంటి దుస్తులు వేసుకుని రాత్రిపూట హైవే మీద నిలబడి, కార్ల కింద పడి చనిపోయాడు. మా బృందంలో వేషం ఎవరు తెచ్చినా కారు డిక్కీలోనే ఉండాలన్నది నియమం.

డబ్బు కట్టి చేరడమా, సొంత బృందమా

1995లో ఏర్పడిన బీఎఫ్ఆర్ఓ (బిగ్‌ఫుట్ ఫీల్డ్ రీసెర్చర్స్ ఆర్గనైజేషన్) వంటి సంస్థలు వందల డాలర్ల రుసుము తీసుకుని కొన్ని రోజుల యాత్రలు నడుపుతాయి. వాటిలో చోటు తెలిసిన మనుషులుంటారు, పరికరాలుంటాయి, రాత్రి అడవిలో ఎలా కూర్చోవాలో నేర్పుతారు. ఒంటరిగా ఉండేవాళ్ళకు, రాత్రి అడవి అసలు అలవాటు లేనివాళ్ళకు ఒకసారి అలా వెళ్ళడం తప్పు కాదు. అయితే డబ్బు కట్టి వచ్చిన ఇరవై మంది చీకట్లో కూర్చున్నప్పుడు ఏదో ఒకటి జరగాలన్న తహతహ అందరిలోనూ ఉంటుంది. కొమ్మ విరిగితే ఎవరూ దాన్ని కొమ్మ అనరు. నాకు సొంత బృందం మీదే మొగ్గు, అదీ నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా. వాళ్ళలో ఒక్కరైనా బిగ్‌ఫుట్‌ను బొత్తిగా నమ్మనివాళ్ళుండాలి, ఒకరు పక్షులు తెలిసినవాళ్ళయితే మరీ మంచిది. వైల్డర్‌నెస్ అని ప్రకటించిన ప్రాంతాల్లో బృందం పన్నెండు మందికి మించకూడదు. తెలుగు సంఘం పేరుతో బస్సు కట్టించుకుని 75 మందిని తీసుకెళ్ళాలంటే అటవీ శాఖ నుంచి ముందుగా అనుమతి కావాలి. టికెట్టు పెట్టి వసూలు చేస్తే అది వ్యాపారం కింద లెక్క, దానికి వేరే అనుమతి. పెట్రోలు, సరుకుల ఖర్చు పంచుకోవడం వేరు.

రెండు బృందాలు ఒకే లోయకు వెళ్ళినప్పుడు జరిగే తమాషా ఒకటుంది. కర్రతో చెట్టును మూడుసార్లు కొట్టి జవాబు కోసం ఎదురుచూడడం ఈ అన్వేషకులకు ఆనవాయితీ. ఒక రాత్రి మాకు జవాబు వచ్చింది. పావుగంటపాటు ఒళ్ళు జలదరించేలా అటు నుంచి మూడు, ఇటు నుంచి మూడు. పొద్దున్నే కాఫీ దగ్గర తెలిసింది, వాగుకు అవతల క్యాంపులో ఉన్నవాళ్ళూ మాలాగే ఒళ్ళు జలదరించి రాత్రంతా నిద్రపోలేదని. అప్పటి నుంచి కొట్టడం, కేకలు వేయడం మానేశాం. క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఎలాగూ నిశ్శబ్దం పాటించాలి.

ఏ పరికరానికి ఖర్చు పెట్టాలి

మొదట కొనవలసింది వంద డాలర్ల లోపు దొరికే మంచి ఆడియో రికార్డర్. దాన్ని నది హోరుకు దూరంగా, క్యాంపుకు రెండు వందల గజాల అవతల ఉంచి రాత్రంతా నడవనిస్తే, ఇంటికొచ్చాక తీరిగ్గా విని, కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళ మెర్లిన్ యాప్‌తో పక్షుల గొంతులను ముందుగా ఏరివేయవచ్చు. బార్డ్ గుడ్లగూబలు జంటగా అరిస్తే కోతుల గుంపు పగలబడి నవ్వినట్లుంటుంది. తొలిసారి విన్నవాళ్ళెవరూ అది పక్షి అని నమ్మరు. సెప్టెంబరులో మగ ఎల్క్ వేసే కేక బొంగురుగా మొదలై, సన్నని ఈలగా పైకి లేచి, గుర్రుతో ముగుస్తుంది. కౌగర్ అరుపు ఆడమనిషి ఆర్తనాదంలా ఉంటుంది. ఈ మూడు గొంతులను బయలుదేరే ముందే రికార్డింగులలో విని గుర్తుపెట్టుకున్న బృందానికి, విననివాళ్ళకు మధ్య ఉన్న తేడా, వెయ్యి డాలర్ల పరికరం తెచ్చే తేడా కంటే ఎక్కువ.

ట్రైల్ కెమెరా రెండో స్థానంలో ఉంటుంది. వేడి, కదలిక కలిస్తేనే అది ఫోటో తీస్తుంది కాబట్టి ఎండ పడి ఊగే కొమ్మకు ఎదురుగా కడితే వందల కొద్దీ ఖాళీ ఫోటోలు వస్తాయి. ఉత్తరం వైపు తిప్పి, నడుము ఎత్తున, జంతువులు నడిచే బాటకు ఏటవాలుగా కట్టాలి. చలిలో లిథియం బ్యాటరీలే నిలుస్తాయి. ఒంటి వేడిని చూపించే థర్మల్ కెమెరాను అద్దెకు తెచ్చుకుని చూడండి గాని మొదటి ఏడాది కొనకండి. ఆకుల వెనుక ఉన్నదాన్ని అది చూపించదు. చూపించినది తెల్లని మచ్చ మాత్రమే, అది జింకో మనిషో ఆ మచ్చను బట్టి చెప్పలేము. పైగా దాన్ని అమెరికా దాటించడానికి ఎగుమతి నిబంధనలు అడ్డం వస్తాయి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరం అడవిలో ప్రాణరక్షకమే, మా దగ్గరా ఒకటుంది. కానీ అనుమతి లేకుండా భారతదేశంలోకి తీసుకెళ్తే విమానాశ్రయంలో కేసు అవుతుంది కనుక సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు సంచిలో మరచిపోకూడదు.

వెంట్రుకలు దొరికితే ప్లాస్టిక్ సంచిలో వేయకుండా, చెమ్మ పట్టని కాగితపు కవరులో పెట్టి, చోటు, తేదీ రాయాలి. పెద్ద ఆశలు మాత్రం పెట్టుకోవద్దు. పీటర్ బర్న్ అనే అన్వేషకుడు పంపిన వెంట్రుకలను ఎఫ్‌బీఐ పరిశీలించి, 1977లో అవి జింక జాతివని తేల్చింది. 2014లో బ్రయాన్ సైక్స్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన నమూనాల డీఎన్ఏ చూస్తే, ఎలుగుబంట్లు, గుర్రాలు, ఆవులు, ఒకచోట మనిషి బయటపడ్డారు. అడుగుజాడకు అచ్చు తీయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చాలు, రెండు వంతుల పొడికి ఒక వంతు నీళ్ళు. తడి నేల అయితే దంతవైద్యులు వాడే డెంటల్ స్టోన్ గట్టిగా నిలుస్తుంది.

తిండి, బట్టలు, ఇంట్లో వదిలే కాగితం

మనవాళ్ళ సంచుల్లో పులిహోర, ఆవకాయ లేకుండా ప్రయాణం సాగదు. కానీ టెంటులో ఆవకాయ సీసా పెట్టుకుని పడుకోవడమంటే ఎలుగుబంటికి కబురు పంపడమే. తిండి, టూత్‌పేస్టు, అంట్లు అన్నీ రాత్రికి కారులో గాని, ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో గాని ఉండాలి. జీన్స్, నూలు చొక్కాలు తడిస్తే ఆరవు. గడ్డకట్టేంత చలి లేకపోయినా, తడి బట్టల్లో ఐదారు డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఒళ్ళు చల్లబడిపోయి మనిషి తెలివి తప్పవచ్చు. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, పైన వానకోటు తెచ్చుకోని వ్యక్తిని మేము కారు ఎక్కించుకోము. సియాటిల్‌లోని మౌంటెనీర్స్ క్లబ్ తొంభై ఏళ్ళ కిందటే కూర్చిన పది అత్యవసర వస్తువుల జాబితాను అచ్చు తీసి, ఒక్కొక్కటీ టిక్కు పెట్టి చూసుకుంటాం. చాలా బాటల దగ్గర బండి నిలపడానికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్ళాలనుకుంటే పగటి యాత్రే మంచిది. మా అమ్మను మిడిల్ ఫోర్క్‌కు తీసుకెళ్ళినప్పుడు, నది ఒడ్డున శాలువా కప్పుకుని కూర్చుని, "ఉన్నదో లేదో తెలియని దానికోసం ఇంత చలిలో తిరుగుతారేంట్రా?" అని అడిగింది. ఆ తర్వాత ఇసుకలో రకూన్ అడుగులు చూసి, చంటిపిల్ల చేతుల్లా ఉన్నాయని ముచ్చటపడి, మిగతా పూటంతా మాకంటే ఎక్కువగా తనే వెతికింది.

బయలుదేరే ముందు రాత్రి, అడవికి రాని ఒక మనిషి చేతిలో ఒక కాగితం ఉంచాలి. ఏ రోడ్డు, ఏ బాట, ఏ క్యాంపు, కారు నంబరు, ఎవరెవరు, వాళ్ళ మందులు, ఆదివారం ఎన్ని గంటలకల్లా సిగ్నల్ ఉన్న చోటికి వస్తాం అన్నవి అందులో ఉండాలి. ఆ వేళ దాటి రెండు గంటలైనా కబురు లేకపోతే ఫోన్ చేయవలసిన షెరీఫ్ కార్యాలయం పేరు కూడా రాయాలి, ఎందుకంటే అది చోటును బట్టి మారుతుంది: మిడిల్ ఫోర్క్‌కు కింగ్ కౌంటీ, ఏప్ కాన్యన్‌కు స్కమేనియా, హో లోయకు జెఫర్సన్, క్వినాల్ట్‌కు గ్రేస్ హార్బర్. మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంటుంది. ఆ అయస్కాంతం విల్లో క్రీక్‌లో కొన్న బిగ్‌ఫుట్ బొమ్మ.